ఆకు లేని పువ్వును ఎవరు పెంచారు?

నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం చివర ఒక అనుబంధం ఉంది. నల్లగొండ జిల్లాలోని కొన్ని ఊళ్ళలో వరినాట్ల దగ్గర, కలుపుతీతల దగ్గర నేను రికార్డు చేసుకున్న పాటలవి. ప్రతి పాట కిందా రెండు వరుసలుంటాయి. "సేకరణ" అన్న మాటకు ఎదురుగా నా పేరు, ఇంటిపేరుతో సహా. "పాడినవారు" అన్న మాటకు ఎదురుగా మాత్రం చాలాచోట్ల పేరు లేదు. "ఒక వృద్ధ కూలీ స్త్రీ", "నాటు వేస్తున్న స్త్రీలు", "జీతగాని భార్య" అని ఉంటుంది. వైవా రోజున దాని గురించి ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. స్త్రీల మౌఖిక సాహిత్యం మీద స్త్రీవాద దృక్పథంతో పరిశోధన చేశానన్న తృప్తితో డిగ్రీ పట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఆ అనుబంధాన్ని చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ నా ముందుకు తెచ్చి పెట్టింది ఒక తీగ. ఒక్క ఆకు కూడా లేని తీగ.

డిగ్రీ తర్వాత నేను పందొమ్మిదో శతాబ్దంలో స్త్రీలు రాసిన యాత్రా రచనలు చదవడం మొదలుపెట్టాను. దక్షిణాసియాకు వచ్చిన బ్రిటిష్ అధికారుల భార్యలు ఉత్తరాలు, డైరీలు, ప్రయాణ వృత్తాంతాలు చాలానే రాశారు. వాటిలో ఒకటి 1835లో అచ్చయింది. సిలోన్‌లోని ఆడమ్స్ పీక్, అంటే శ్రీలంక ప్రజలు శ్రీపాద అని కొలిచే కొండ, ఎక్కిన అనుభవం అది. విలియం హుకర్ నడిపిన వృక్షశాస్త్ర పత్రికలో వచ్చింది. కొండదారిలో ఆమె చూపు అంతా మొక్కల మీదే. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట "మిసెస్ కల్నల్ వాకర్" అని ఉంది.

ఒక్కసారి ఆ పేరును విడదీసి చూడండి. అందులో మొగుడి ఇంటిపేరు ఉంది, మొగుడి ఉద్యోగం ఉంది, మొగుడి హోదా ఉంది. కొండెక్కిన కాళ్ళు, మొక్కల్ని గుర్తుపట్టిన కళ్ళు, రాసిన చేయి ఎవరివో ఆ పేరులో లేదు. మనకిది కొత్తేమీ కాదు. "శ్రీమతి ఫలానా రావు గారు" అన్న పెళ్ళిపత్రికలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. రేషన్ కార్డులో "భార్య ఆఫ్" అన్న గడి ఉంది. వాకర్ భార్య ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఆమె పేరు అన్నా మరియా. పుట్టింటి పేరు ప్యాటన్. తండ్రి రాబర్ట్ ప్యాటన్ సెయింట్ హెలీనా ద్వీపానికి గవర్నరుగా పనిచేశాడు. భర్త జార్జి వారెన్ వాకర్ సిలోన్‌లో సైనికాధికారి. 1830ల్లో ఈ ఇద్దరూ కలిసి సిలోన్ అడవుల్లో మొక్కలు సేకరించి బ్రిటన్‌లోని వృక్షశాస్త్రజ్ఞులకు పంపారు. ఆర్కిడ్ల, ఫెర్న్‌ల బొమ్మలు వేసింది మాత్రం ఆమె. ఎడిన్‌బరో ప్రొఫెసర్ రాబర్ట్ గ్రాహం ఒక లిపారిస్ ఆర్కిడ్‌కు ఆమె పేరు పెట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ సర్జన్‌గా వచ్చి వృక్షశాస్త్రజ్ఞుడిగా స్థిరపడ్డ రాబర్ట్ వైట్ 1845లో ఇంకో ఆర్కిడ్‌కు ఆమె పేరు పెట్టాడు. అదే నేను చెప్తున్న ఆకు లేని తీగ, వనిల్లా వాకరే.

వనిల్లా అనగానే ఐస్‌క్రీమ్ గుర్తొస్తుంది. వనిల్లా ఒక ఆర్కిడ్ అని, దాని కాయనుంచే ఆ సువాసన వస్తుందని చాలామందికి తెలియదు. తోటల్లో పెంచే వనిల్లాకు దళసరి ఆకులుంటాయి. వనిల్లా వాకరేకు ఉండవు. ఉన్నా కణుపుల దగ్గర పొలుసుల్లాంటివే. దక్షిణ భారతంలో, శ్రీలంకలో పొడి అడవుల్లో పొదల మీద పాకుతుంది. కండ పట్టిన పచ్చటి కాడ ఒక్కటే కనిపిస్తుంది. పూత లేనప్పుడు చూస్తే ఎవరో పచ్చతాడు పారేసి పోయారనిపిస్తుంది. ఆకు చేయాల్సిన పనంతా ఆ కాడే చేసుకుంటుంది. ఎండలో అన్నం వండుకునేది అదే, నీళ్ళు దాచుకునేది అదే. కాలం వచ్చినప్పుడు తెల్లటి పెద్ద పూలు పూస్తుంది.

ఆ పేరులో నన్ను పట్టుకున్నది చివరి అక్షరం. లాటిన్ పద్ధతిలో వాకర్ అనే మగవాడి పేరు పెడితే అది "వాకరి" అవుతుంది. స్త్రీ పేరు పెడితే "వాకరే". కల్నల్‌ని దాటుకుని ఆమె మిగిలింది ఆ ఒక్క "ఏ"కారంలోనే. పుస్తకాల్లో నామమాత్రంగా మిగలడం అంటాం కదా, ఈమె విషయంలో మిగిలింది నామం కూడా కాదు, ఒక ప్రత్యయం.

అయితే కథ ఇక్కడ ఆగిపోతే చాలా సులువుగా ఉండేది. కప్పిపడేసిన ఒక స్త్రీని వెలికి తీశానన్న సంతోషం నాకు, చదివిన సంతృప్తి మీకు. కానీ వైట్ పుస్తకం పేజీలు తిప్పుతుంటే ఇంకో ఇద్దరు కనిపించారు.

వైట్ 1838 నుంచి 1853 వరకు మద్రాసులో అచ్చు వేయించిన ఆ పుస్తకంలో 2101 పటాలున్నాయి. వాటి వెనుక ఉన్న ముఖ్య చిత్రకారులు రంగయ్య, గోవిందు. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రంగియా, గోవిందూ. వీళ్ళు తంజావూరు వైపు స్థిరపడిన తెలుగు చిత్రకారుల కుటుంబాల వాళ్ళని వైట్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన హెన్రీ నోల్టీ అంటారు. 2007లో ఆయన వీళ్ళ బొమ్మలతో పెద్ద గ్రంథమే తెచ్చారు. అంటే వీళ్ళు మొక్కను ముందు పెట్టుకుని కేసరాలు, రేకులు లెక్కపెట్టుకున్నది తెలుగులోనే అయి ఉండాలి. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి "గోవిందూయా" అని పేరు పెట్టాడు. కంపెనీ రోజుల్లో ఒక భారతీయ చిత్రకారుడికి అది చిన్న గౌరవం కాదు. కానీ ఆ మొక్క అంతకుముందే పేరున్న ట్రోపిడియా ప్రజాతిలోదని తర్వాత తేలింది. శాస్త్రం నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. గోవిందు పేరు వాడుకలోంచి తప్పుకుని, పర్యాయ నామాల జాబితాలోకి వెళ్ళిపోయింది.

అన్నా మరియాకు ఒక ప్రత్యయం దక్కింది. గోవిందుకు రద్దయిన పేరు దక్కింది. మరి ఆ అడవుల్లో దారి చూపినవాళ్ళు, చెట్లెక్కి తీగలు లాగినవాళ్ళు, మొక్కకు వాళ్ళ భాషలో పేరు చెప్పినవాళ్ళు? వాళ్ళకు ప్రత్యయం కూడా లేదు. అధికారి భార్య ఒక్కతే అడవి గాలించి రావడమన్నది ఆ కాలంలో జరిగే పని కాదు. మిసెస్ కల్నల్ వాకర్ పేరు దొరకలేదని నేను బాధపడుతున్నప్పుడు ఆమె పక్కన నడిచినవాళ్ళ గురించి అడగడం మర్చిపోయాను. స్త్రీవాద చరిత్ర రాసేటప్పుడు మనకు తరచూ జరిగే పొరపాటే ఇది. మనలాంటి స్త్రీని వెతుక్కుంటాం. చదువుకున్న, రాసిన, సంతకం పెట్టగలిగిన స్త్రీని.

ఆ కాలంలో ఆర్కిడ్ల సేకరణ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఆర్కిడ్ అన్న మాటకే గ్రీకులో వృషణం అని అర్థం. కొన్ని నేల ఆర్కిడ్ల జంట దుంపల్ని చూసి పెట్టిన పేరది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో డబ్బున్న మగవాళ్ళకు ఆర్కిడ్ ఒక పిచ్చి అయింది. అద్దాల ఇళ్ళు కట్టించారు, బొగ్గు మండించి వాటిని ఉష్ణమండలాలుగా మార్చారు, వేలంపాటల్లో ఒక్కో మొక్కకు ఆస్తులు ధారపోశారు. ఆ మొక్కలు తేవడానికి వేటగాళ్ళను పంపారు. వాళ్ళను పిలిచే మాటే అది, ఆర్కిడ్ హంటర్లు. ఆల్బర్ట్ మిలికన్ అనే వేటగాడు 1891లో వేసిన పుస్తకంలో కొలంబియాలో పదివేల మొక్కల కోసం నాలుగువేల చెట్లు కొట్టించిన సంగతి గర్వంగానే రాసుకున్నాడు. ఇంటి దగ్గర ఉన్న స్త్రీలకు దక్కింది బొమ్మలు వేసే పని. జేమ్స్ బేట్‌మన్ మెక్సికో, గ్వాటెమాలా ఆర్కిడ్ల మీద 1837-43 మధ్య తెచ్చిన బ్రహ్మాండమైన పుస్తకానికి బొమ్మలు వేసింది సారా డ్రేక్, అగస్టా విథర్స్. పుస్తకాన్ని ఇప్పటికీ బేట్‌మన్ పుస్తకమనే అంటారు.

ఇంత ఉత్సాహంగా తెచ్చిన మొక్కల్లో చాలా భాగం దారిలోనో, అద్దాల ఇళ్ళలోనో చచ్చిపోయేవి. ఎందుకు చస్తున్నాయో, గింజ వేస్తే ఎందుకు మొలవదో ఎవరికీ తెలియదు. దాని జవాబు చివరికి చెప్పింది కూడా ఆకు లేని ఆర్కిడ్లే. అది చెప్పాలంటే ఇంకో "మిసెస్" దగ్గరికి వెళ్ళాలి.

1854లో ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో, టెడ్‌స్టన్ డెలమియర్ అనే ఊరి దగ్గర, సాపీ వాగు ఒడ్డున ఒక స్త్రీకి వింత మొక్క కనిపించింది. ఆకు లేదు. పచ్చదనమే లేదు. లేత పసుపు, గులాబీ కలిసిన కాడ, దానికి తలకిందులుగా అమర్చినట్టున్న పూలు. బ్రిటన్‌లో అంతకుముందు ఎవరూ చూడని ఆర్కిడ్ అది. ఎపిపోగియం అఫిల్లం దాని పేరు. అఫిల్లం అంటే ఆకులు లేనిది. చీకటి అడవిలో తెల్లగా కనిపించి మాయమవుతుందని జనం దాన్ని దయ్యపు ఆర్కిడ్ అంటారు. దాన్ని కనుక్కున్న ఆ స్త్రీని పుస్తకాలన్నీ "మిసెస్ డబ్ల్యూ. ఆండర్టన్ స్మిత్" అంటాయి. ఆ డబ్ల్యూ కూడా ఆమెది కాదు, భర్తది.

ఆమె ఆ మొక్కను తవ్వి తీసుకెళ్ళి తన తోటలో నాటుకుంది. అది చచ్చిపోయింది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. మనం మాత్రం చేసేది అదే కదా. అందమైన మొక్క కనిపిస్తే చిన్న పిలక తెచ్చి కుండీలో పెట్టుకోవడం మన అమ్మమ్మల నుంచీ ఉన్న అలవాటే. ఆకు లేని వనిల్లా తీగ అయితే రెండు కణుపుల ముక్క తెచ్చి గుచ్చినా బతుకుతుంది. దాని కాడలో పచ్చదనం ఉంది, తన తిండి తను వండుకోగలదు. దయ్యపు ఆర్కిడ్ అలా కాదు. దానికి పచ్చదనం లేదు, వేళ్ళు కూడా లేవు. నేల లోపల పగడంలా కొమ్మలు కొమ్మలుగా ఉండే చిన్న దుంప మాత్రం ఉంది. అది ఏళ్ళ తరబడి అలా లోపలే ఉంటుంది. ఎప్పుడో ఒక ఏడాది పైకి ఒక కాడ పంపిస్తుంది. ఆమె మొక్కను మొత్తంగా తెచ్చాననుకుంది. మొక్క బతుకులో సగం ఆ వాగు ఒడ్డునే ఉండిపోయింది.

ఆ సగం ఏమిటో తెలియడానికి 1899 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ అనే పాతికేళ్ళ యువకుడికి ఫాంటెన్‌బ్లో అడవిలో పక్షిగూడు ఆర్కిడ్ కాడ ఒకటి దొరికింది. నియోషియా అంటారు దాన్ని. అదీ ఆకుపచ్చదనం లేనిదే. కాయలతో సహా కాడ ఆకుల చెత్తలో కూరుకుపోయి ఉంది, లోపల గింజలు మొలకెత్తి ఉన్నాయి. ప్రతి మొలకలోనూ శిలీంధ్రపు పోగులు అల్లుకుని ఉన్నాయి. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, దానిలో సొంత తిండి ఏమీ ఉండదు. సరైన బూజు పోగు వచ్చి అన్నం పెడితేనే అది మొలకెత్తుతుంది. ఆర్కిడ్ల పెంపకం అంతా ఆ ఒక్క గమనింపు మీద మారిపోయింది. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు చేసే పనిని సీసాలోని చక్కెర జెల్లీతో చేయించగలిగాడు. ఇవాళ బజారులో దొరికే ఆర్కిడ్ కుండీలు అక్కడి నుంచి వచ్చినవే.

పచ్చటి ఆర్కిడ్లకు బూజు సాయం ముఖ్యంగా చిన్నతనంలో కావాలి. దయ్యపు ఆర్కిడ్ లాంటి వాటికి జీవితాంతం కావాలి. మన ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో నియోషియాను "పూతికాహారి" అని చదువుకున్నాం, కుళ్ళిన పదార్థం తిని బతుకుతుందని. అది తప్పని ఇప్పుడు తెలుసు. అది కుళ్ళును తినదు, బతికున్న శిలీంధ్రం దగ్గర తింటుంది. దయ్యపు ఆర్కిడ్‌కు అన్నం పెడుతున్నది ఇనోసైబ్ అనే పుట్టగొడుగుల జాతులని 2009లో పరిశోధకులు తేల్చారు. ఆ ఇనోసైబ్ పోగులు పక్కనున్న చెట్ల వేళ్ళను అల్లుకుని, చెట్టు ఎండలో వండిన చక్కెరలో వాటా తీసుకుంటాయి. అంటే పువ్వుకు బూజు, బూజుకు చెట్టు, చెట్టుకు ఎండ. మిసెస్ స్మిత్ తన తోటలోకి తెచ్చుకోలేకపోయింది ఆ చెట్టును, ఆ బూజును, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని. మొక్క దొరికిన 155 ఏళ్ళకు దాన్ని పెంచింది ఎవరో తెలిసింది.

1926లో అదే ఆర్కిడ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక అమ్మాయికి దొరికింది. ఆ కబురు విని వేల్స్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞురాలు ఎలినార్ వాచెల్, మరికొందరు ఆ చోటు వెతుక్కుంటూ వెళ్ళారు. వాచెల్ తన డైరీలో ఆ రోజు సంగతి రాసుకుంది. పువ్వు అప్పటికే కోసేసి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి మెల్లగా తొలగించి చూసింది. కాడ, కింద చిన్న దుంప. అది ఎపిపోగియమే అని నిర్ధారించుకుని మట్టి తిరిగి కప్పేసి వచ్చింది. ఏడు దశాబ్దాల కింద ఒక స్త్రీ తవ్వి తెచ్చుకున్నదాన్ని ఇంకో స్త్రీ చూసి, కప్పి, వదిలేసి వచ్చింది. సేకరణ చరిత్రలో ఎవరూ లెక్కపెట్టని పని అది. ఇంటికి ఏమీ తేకుండా రావడం.

ఆ తర్వాత 1986లో ఒకసారి కనిపించాక బ్రిటన్‌లో ఆ పువ్వు మాయమైంది. 2005లో అంతరించిపోయిందని ప్రకటించారు. 2009లో మళ్ళీ కనిపించింది, మిసెస్ స్మిత్‌కు దొరికిన హియర్‌ఫర్డ్‌షైర్‌లోనే. 2024లో ఇంకోసారి కనిపించింది. ఈసారి చోటు ఎక్కడో రహస్యంగా ఉంచారు. అంతరించిందనుకున్న ఏళ్ళన్నీ అది నేలలో ఉంది. చూసేవాళ్ళకు పువ్వు తప్ప ఇంకేదీ మొక్క కాదు కాబట్టి లేదనుకున్నారు.

ఇక్కడికి వచ్చేసరికి ఒక ఉపమానం నోటి చివర దాకా వస్తుంది. స్త్రీ కూడా ఈ ఆర్కిడ్ లాంటిదే, నేలలోపల ఓపికగా ఉండి ఒకనాడు పూస్తుంది అని. దయచేసి అలా అనకుందాం. స్త్రీని పువ్వనీ తీగనీ అన్న కవిత్వం మనకు చాలినంత ఉంది, పందిరి లేకపోతే తీగకు బతుకు లేదన్న నీతితో సహా. పైగా ఈ ఉపమానం తప్పు కూడా. దయ్యపు ఆర్కిడ్ ఎవరికీ ఏమీ పెట్టదు, తీసుకుంటుందంతే. బూజుకు అది తిరిగి ఏమైనా ఇస్తుందన్న రుజువు దొరకలేదు. శ్రమ చేసేవాళ్ళను ఇందులో చూడాలంటే పువ్వు దగ్గర కాదు, కంటికి కనపడని ఆ పోగుల దగ్గర చూడాలి. పువ్వు ఎవరో నాకు తెలుసు. సిద్ధాంత గ్రంథం ముఖచిత్రం మీద పేరున్న వ్యక్తి.

పెంపకంలోనూ ఇదే లెక్క. తోట వనిల్లాకు మెక్సికో బయట కాయ పట్టేది కాదు, పరాగం మోసే తేనెటీగలు లేక. 1841లో రీయూనియన్ ద్వీపంలో పన్నెండేళ్ళ నల్లజాతి బానిస బాలుడు ఎడ్మండ్ చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వుకు పరాగ సంపర్కం చేయడం కనిపెట్టాడు. 1848లో బానిసత్వం పోయాక అతనికి ఆల్బియస్ అన్న ఇంటిపేరు వచ్చింది, డబ్బు రాలేదు. 1880లో పేదరికంలోనే చనిపోయాడు. ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతి తనదేనని కూడా చెప్పుకున్నాడు. పువ్వు విచ్చేది ఒక్క పూటే కాబట్టి తెల్లవారే తోటలో దిగి ఒక్కో పువ్వునూ చేత్తో ముట్టాలి. రీయూనియన్‌లో ఈ పని ఎక్కువగా స్త్రీలది. వాళ్ళను "మారియూజ్" అంటారు, పెళ్ళిళ్ళు చేసేవాళ్ళని. ఆ తోట వనిల్లా అంతా పిలకల నుంచే పెంచింది కాబట్టి తెగుళ్ళకు తేలిగ్గా లొంగుతుంది. అందుకని అడవిలోని ఆకు లేని చుట్టాల వైపు శాస్త్రజ్ఞులు చూస్తున్నారు. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ వాళ్ళు తోట వనిల్లాను వనిల్లా అఫిల్లా అనే ఆకు లేని జాతితో సంకరం చేసిన ఫలితాలు 2006లో ప్రకటించారు. పనికిరాని పచ్చతాడు అనుకున్నది రేపు తోటల్ని కాపాడవచ్చు. పూర్తిగా బూజు మీద బతికే జాతుల్లో, దయ్యపు ఆర్కిడ్‌కు దగ్గర చుట్టమైన ఎపిపోగియం రోజియంను జపాన్ పరిశోధకులు 2007లో గింజ నుంచి పువ్వు దాకా పెంచగలిగారు. ఎలా? బూజుతో కలిపి పెంచి. ఒంటరిగా పువ్వును పెంచాలన్న ఆలోచన వదిలాకే అది పూసింది.

ఇదంతా చదివాక నా అనుబంధం తీసి చూసుకున్నాను. "సేకరణ" అన్న మాట దగ్గర నా పేరు. కింద "ఒక వృద్ధ కూలీ స్త్రీ". మిసెస్ స్మిత్‌కు కనీసం డబ్ల్యూ అన్నా ఉంది. మన స్త్రీవాద పరిశోధన ఇక్కడ మొదలు కాలేదు కూడా. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ పేర్లతోనే "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది 1986లో. ఆ పుస్తకాన్ని నా సిద్ధాంత గ్రంథంలో ఎన్నిచోట్ల ఉదహరించానో లెక్కలేదు. చదివాను, ఉదహరించాను, నేర్చుకోలేదు.

పోయిన ఏడాది నాట్ల కాలంలో ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఆ ముసలమ్మ చనిపోయి నాలుగేళ్ళయిందట. కోడలు ఇంట్లో ఉంది. వచ్చిన పని చెప్పి, "అక్కా, అప్పుడు పేరు రాసుకోలేదు, తప్పు చేశాను. మీ అత్తమ్మ పేరు చెప్తే రాసుకుంటాను" అన్నాను.

ఆమె పేరు చెప్పింది. తర్వాత నా మొహంలోకి చూసి, "పేరు రాసుకొని ఏం జేస్తరు మేడం?" అంది.

"ఆ పాట ఆమెదని పుస్తకంలో వేస్తాను."

"పాట మా అత్తదేం గాదు. వాళ్ళ అత్త పాడుతుంటే నేర్చుకున్నదట. ఆమెకు ఎవరు జెప్పిన్రో. ఎవరి పేరని రాస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఒక పేరు మింగేసినందుకు ఇంకో పేరు కక్కితే లెక్క సరిపోతుందని నేను అనుకుని వచ్చాను. పేరు రాయడం కూడా పువ్వును కోయడం లాంటిదే అవుతుందని, కింద పోగులు ఎంతదూరం పోయాయో అడగకపోతే అదీ సగం మొక్కేనని ఆమె నాకు చెప్పింది.

కొంచెం సేపటికి ఆమే అడిగింది. "అత్తమ్మ గొంతు ఉన్నదా మీ తాన? ఒక్కపారి వినిపియ్యరాదుండ్రి."

ఆ ఇంట్లో ఆ ముసలమ్మ గొంతు ఎక్కడా లేదు. నా కంప్యూటర్లో ఉంది, ఇన్నేళ్ళూ. వాళ్ళకు ఒక కాపీ ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. ఫోన్‌లోకి ఎక్కించుకొచ్చిన రికార్డింగు పెట్టాను. మడిలో నీళ్ళ చప్పుడు, దూరంగా ట్రాక్టరు, ముసలమ్మ గొంతు. ఆమె ఒక చరణం అందుకోగానే వెనుక నుంచి ఇంకో గొంతు అందుకుంది. నేను ఆ పాటను కనీసం యాభైసార్లు విని ఉంటాను, ఛందస్సు గుర్తించాను, పునరుక్తులు లెక్కపెట్టాను. ఆ రెండో గొంతును "బృందం" అని రాసుకున్నాను.

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అగో, ఆ ఎనకాల పాడేది నేనే" అంది.

పరిశోధకురాలిగా నాకు ఇంతకంటే సిగ్గుపడాల్సిన క్షణం ఇంకోటి రాదు. నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషి నా సిద్ధాంత గ్రంథంలో ఉందని నాకు తెలియదు. ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఆ పాట ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారు, ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చిన ఆమె ఏ చరణం కలిపింది, ఆ రోజు వరుసలో పక్కన నాటు వేసింది ఎవరు, ఇప్పుడు వరినాట్లకు యంత్రం వచ్చాక ఎవరు ఎక్కడ పాడుతున్నారు, అన్నీ ఆమె చెప్తుంటే రాసుకున్నాను. "పాడినవారు" అన్న ఒక్క వరుస మూడు పేజీలైంది. రికార్డింగులన్నీ ఆమె కూతురి ఫోన్‌లోకి ఎక్కించి వచ్చాను.

సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో మార్పులు చేయడానికి వీల్లేదని గ్రంథాలయంలో చెప్పారు. పుస్తకంగా వేసేటప్పుడు ఆ మూడు పేజీలూ అనుబంధంలో ఉండవు, మొదట్లో ఉంటాయి. ఈ వ్యాసంలో ఆ పేర్లు రాయలేదు. రాసినదంతా ముందుగా వాళ్ళకు చదివి వినిపిస్తానని, వాళ్ళు సరే అన్నాకే అచ్చుకు ఇస్తానని మాట ఇచ్చి వచ్చాను. నాట్లు అయిపోయాక రమ్మన్నారు.